నా కుడికాలి టాలస్

మీ చీలమండ ఎముక ఏదో చూపించండి అని ఎవరినడిగినా, పాదానికి కాస్త పైన అటూ ఇటూ పొడుచుకొచ్చిన గిలకల మీద వేలు పెడతారు. నేనూ అలాగే పెట్టేదాన్ని. ఆ గిలకలు పైనుంచి దిగొచ్చిన కాలి ఎముకల కొసలు మాత్రమే. అసలు చీలమండ ఎముక వాటి నడుమ, లోపల, వేలికి అందని చోట ఉంటుంది. డాక్టర్లు దాన్ని టాలస్ అంటారు. మనం నిలబడితే ఒంటి బరువంతా ముందు దాని మీద పడుతుంది. మడమకీ వేళ్ళకీ ఆ బరువు పంచిపెట్టేది అదే. ఇంత చాకిరీ చేసే ఎముకని ఒక్క కండ కూడా పట్టుకుని ఉండదట, నెత్తురు కూడా దానికి అంతంతమాత్రంగానే అందుతుందట. అందుకే అది చెడితే తొందరగా కోలుకోదు.

ఇదంతా నేను చదువుకుని తెలుసుకున్నది కాదు. ఆ ఎముక పాడైతే తెలిసింది. ఇన్నేళ్ళకి దాన్ని ఉన్నదున్నట్టు రాయగలనన్న ధైర్యం వచ్చింది, అందుకని రాస్తున్నాను. కాలు నిలిచిందా పోయిందా అన్నది మాత్రం చివర్నే చెబుతాను. ఏడాదిన్నర పాటు నాకు తెలియనిది మీకు మొదటి పేజీలోనే ఎందుకు తెలియాలి?

వానలు

అరవయ్యో దశకం మధ్యలో సంగతి. మేము కలకత్తా పక్కన, హౌరా వైపు, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా ఆయన జోసెఫు షాలిమార్ గూడ్స్ యార్డులో షంటింగ్ పని చేసేవాడు. ఇంజను నెట్టుకొచ్చే వ్యాగన్ల మధ్య దూరి వాటిని ఒకదానికొకటి తగిలించడం, విడదీయడం ఆయన పని. ఇంట్లో మేమిద్దరం, మా అత్త సుందరమ్మ. పిల్లలు అప్పటికి లేరు. మా లైన్లో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళవే. ఆదివారం తెలుగులో ఆరాధన, మిగతా రోజులు కొళాయి దగ్గర తెలుగూ బెంగాలీ కలిపి తగువులు.

ఆ లైన్లో నాకో హోదా ఉండేది. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మావాళ్ళ నమ్మకం. నడుం పట్టేసినవాడు వచ్చి మా గడపకి అడ్డంగా బోర్లా పడుకునేవాడు. నేను గోడ పట్టుకుని, కుడికాలు పట్టు మీద ఆన్చి మూడుసార్లు తొక్కేదాన్ని. వాడు వెనక్కి తిరిగి చూడకుండా లేచిపోవాలి. వ్యాగన్లెక్కేవాళ్ళూ పట్టాలు మోసేవాళ్ళూ ఉన్న చోట పట్టేసిన నడుములకి కరువా? మామూలుగా ఎవరికైనా కాలు తగిలితే తప్పు తప్పు అని కళ్ళకద్దుకుంటాం. నా కాలు మాత్రం అడిగి మరీ తగిలించుకునేవారు. మా పాస్టరు అయ్యగారు ఇవన్నీ మూఢనమ్మకాలని ప్రసంగంలో చెప్పేవారు. చర్చిలో బల్ల జరపబోయి ఆయన నడుమే పట్టేసినప్పుడు మా వెనక గుమ్మం నుంచి వచ్చారు. నేను తొక్కాను, ఆయన ప్రార్థన చేసి వెళ్ళారు.

నువ్వు నమ్మావా అంటే, నమ్మాను. పదిమంది నీ అవసరం పడి గుమ్మంలోకి వస్తుంటే నమ్మకుండా ఉండటం ఎవరి తరం?

ఆ ఏడు వానల్లో కుడికాలు బరువెక్కింది. మొదట పొద్దున మంచం దిగగానే గుచ్చేది, నాలుగడుగులు వేస్తే సర్దుకునేది. తర్వాత సర్దుకోవడం మానేసింది. గిలకల కింద పల్లంగా ఉండాల్సిన చోటు నిండిపోయి పాదం ఎవరిదో తెచ్చి అతికించినట్టు కనిపించేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. అన్నం సహించేది కాదు.

అత్తకి కారణం వెంటనే దొరికింది.

"అందరి నొప్పులూ తొక్కి తొక్కి నీ కాల్లోకి దింపుకున్నావు. మరెక్కడికి పోతాయేటి అవి?" అంది.

లైనంతా ఆ మాట ఒప్పుకుంది. నాకూ సబబుగానే తోచింది. అత్త రోజూ చింతపండు, ఉప్పు, పసుపు కలిపి ఉడికించి గిలకల మీద పట్టు వేసేది. ఆముదపాకు వెచ్చబెట్టి కాపడం పెట్టేది. పైన చర్మం కమిలింది, లోపల ఎముక అరగడం ఆగలేదు. జనం రావడమూ ఆగలేదు. ఎడంకాలితో తొక్కనా అంటే ఎవరూ ఒప్పుకోరు. మా లైన్లో ఇంకొక ఎదురుకాళ్ళ మనిషి ఉంటే నేనే పోయి తొక్కించుకునేదాన్ని.

ఒకనాడు ఒక గ్యాంగుమన్ వచ్చి పడుకున్నాడు. కాలు ఆన్చి బరువు వేశానో లేదో, ఎముకలోంచి మెరుపు తుంటిదాకా పాకింది. పడుకున్నవాడి కంటే ముందు నేను కేక పెట్టాను. అతను గభాల్న లేచి, "నాకు తగ్గిపోనాది వదినా, తగ్గిపోనాది," అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పోయాడు. అత్త ఆ పూట చింతపండు నానబెట్టలేదు. గోడకి ఆనుకుని నా కాలు కేసే చూస్తూ నిలబడింది.

పూజలకి ముందు

రైల్వే డిస్పెన్సరీ మా ఇంటికి కూతవేటు దూరం. కాని అక్కడి కాంపౌండరు మా చర్చిలో పాట ఎత్తే మనిషి. పొద్దున ఆయనకి చూపించిన పుండు సాయంత్రానికి ప్రార్థన కూటంలో అందరి నోళ్ళలోనూ పడుతుంది. అందుకని అత్త నన్ను హౌరా బ్రిడ్జి దాటించి కలకత్తా ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దుర్గాపూజ బజారు జనం మధ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా అత్త సణుగుతూనే ఉంది, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఎముకల డాక్టరు గది ముందు బల్లలన్నీ నిండిపోయాయి. ఒక బెంగాలీ ఆవిడ నా కాలు చూసి, పక్కన పెట్టుకున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పా తూలే బోషో," అంది, కాలు పైకి పెట్టుకుని కూర్చోమని. పేరు మాలతి. ఆవిడ భర్త బడ్జ్ బడ్జ్‌లో జూటు మిల్లు కూలీ. ఆవిడ జబ్బూ నాలాంటిదే, ఎడమ చీలమండ. అప్పటికే ప్లాస్టరులో ఉంది. ముడీ అని వాళ్ళనే మరమరాలు పొట్లంలోంచి తీసి నా చేతిలో పోసింది. పొద్దుట్నించీ ఎవరూ నాతో మెత్తగా మాట్లాడలేదేమో, ఆ మరమరాలు నములుతూ ఏడ్చాను. మాలతి దిదీ చూడనట్టు అటు తిరిగి కూర్చుంది. ఆవిడ చేసిన ఆ చిన్న మేలు నేను మర్చిపోలేను.

ఎక్స్‌రే తీసి మళ్ళీ కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా సగం లేచేదాన్ని. పేరు నాది కాకపోతే మళ్ళీ కూర్చునేదాన్ని.

డాక్టరు బాబు పెద్దాయన. ఫిల్ము కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, నాకర్థమయ్యేలా నిదానంగా బెంగాలీలో చెప్పాడు. నేను గిలక మీద వేలు పెట్టి ఇక్కడ కదా అంటే తల అడ్డంగా ఊపి, రెండు గిలకల మధ్య ఇరుక్కుని ఉన్న ఎముకని పెన్సిలుతో చూపించాడు. "ఎటా టాలస్." చుట్టూ ఉన్న ఎముకలు తెల్లగా, అంచులు తేటగా ఉన్నాయి. అదొక్కటే మసకబారి, ఒక మూల కొరికేసినట్టుంది. గొర్రెలకీ మేకలకీ కూడా ఈ ఎముక ఉంటుందనీ, పూర్వం కొన్ని దేశాలవాళ్ళు దాన్ని పాచికలా విసిరి ఆడుకునేవారనీ చెప్పాడు. నన్ను మాటల్లో పెట్టాలని ఆయన తాపత్రయం. తర్వాత అసలు మాట చెప్పాడు. ఎముకకి టీబీ.

ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట. సూదులు వేయించుకోవాలి, మందులు మింగాలి, ప్లాస్టరులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది.

"పా నామాబే నా, బౌమా. ఎక్‌దమ్ నా."

కాలు కింద మోపకూడదు కోడలమ్మా, ఒక్కసారి కూడా అని. ఎముక మెత్తబడి ఉంది. బరువు పడితే చితికిపోతుంది. చితికిపోయి మందుకి లొంగకపోతే మోకాలి కింద తీసెయ్యాలి. ఆ మాట అంటూ ఆయన తన అరచెయ్యి కత్తిలా పెట్టి నా పిక్క మీద ఎక్కడో చూపించాడు. చెయ్యి తగల్లేదు కూడా. అయినా ఆ గీత చాలాకాలం నా కాలి మీద ఉన్నట్టే అనిపించేది.

"ఏటంటన్నాడే?" అని అత్త నా జబ్బ పట్టుకుంది. చెప్పాను.

తిరుగు బస్సు బ్రిడ్జి దాటేదాకా ఆమె నోరు విప్పలేదు. ఎందుకో నాకు తెలుసు. మా లైన్లో అంతకు ముందు ఒక కుటుంబం ఉండేది. ఇంటాయనకి టీబీ అని బయటపడ్డాక కొళాయి దగ్గర వాళ్ళ బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. చర్చిలో ప్రభు బల్ల నాడు ద్రాక్షరసం గిన్నె అందరం తాగాక ఆఖర్న వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. వాళ్ళు బదిలీ అడుక్కుని వెళ్ళిపోయారు. గిన్నె ఆఖర్న పంపాలని పట్టుబట్టినవాళ్ళలో మా అత్తే ముందుండేది.

"ఆ ఎముక పేరేటన్నాడు?" అనడిగింది.

"టాలస్."

"అదీ. నీకు టాలసొచ్చింది. అడిగినోలందరికీ అదే సెప్పు. రెండో మాట నీ నోట్లోంచి రాకూడదు, నా కొడుకు నోట్లోంచీ రాకూడదు."

చలికాలం

వేళ్ళ దగ్గర మొదలై తొడదాకా ప్లాస్టరు. చంకల్లో కర్రలు. స్టేషను దగ్గర బెంగాలీ కాంపౌండరు చేత సూదులు, చెవుల్లో హోరు. నాలుక మీద పొద్దస్తమానం మందు చేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పను. పడ్డవాళ్ళకి తెలుసు, పడనివాళ్ళకి అక్కర్లేదు.

టాలస్ అనే మాట మాత్రం మా లైన్లో కాపురం పెట్టేసింది. ఎముక పేరు జబ్బు పేరైపోయింది. టాలసు ఉన్నవాళ్ళు వంకాయ తినొచ్చా అని ఒకామె అడిగింది. ఇంకొకామె తన మోకాలు వాచిందనీ, తనకీ టాలసు మొదలైందేమో చూడమనీ వచ్చి కాలు చాపింది. టాలస్ లేని మనిషి ఉండడమ్మా అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అయ్యగారు ప్రార్థనలో, "మా సహోదరిని ఈ టాలసు రోగము నుండి విడిపించుము తండ్రీ," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

మీకు నవ్వొస్తుండొచ్చు. నాకు వచ్చేది కాదు. కలకత్తాలో చదువుకున్నవాడొకడు మా లైనుకి వచ్చి, టాలసంటే జబ్బు కాదే అంటే మా పని ఏమిటి? ఎవరైనా కాలు కేసి కాస్త ఎక్కువసేపు చూస్తే చీర కొంగు ప్లాస్టరు మీదికి లాక్కునేదాన్ని.

ఇంటి పనంతా అత్త మీద పడింది. తెల్లారగానే కొళాయి దగ్గర లైను కట్టి, బిందెలు చంకనెత్తుకుని వచ్చేది. ఆమె మోకాళ్ళూ పాతవే. తెచ్చిన ప్రతి బిందెనీ నాకు వినబడేలా దబ్బున దించేది. నా కంచం వేరుగా తోమి, నాకు కనపడకూడదని సజ్జ మీద వెనక్కి పెట్టేది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నీళ్ళు మోసే మనిషితో కంచం గురించి దెబ్బలాడే ఓపిక నాకు లేకపోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఆమె చెప్పేది కాసేపు, నేను చెప్పేది కాసేపు విని, గోడకి తిరిగి పడుకునేవాడు.

ఒక ఆదివారం ఆయన రామరాజతలా బజారు నుంచి మేకకాళ్ళు తెచ్చాడు. ఎముకకి బలమని ఎవరో చెప్పారట. పులుసులో కాలి మడత దగ్గర ముక్క నాకొచ్చింది. కండ ఒలిచేసరికి ఒక చిన్న ఎముక ఊడి కంచంలో పడింది. గుండ్రంగానూ లేదు, పలకగానూ లేదు. ఒక పక్క గాడి, ఇంకో పక్క గుంట. కడిగి చూస్తే ఫిల్ములో చూసిందే.

"ఇదిగో, నా జబ్బు పేరు," అని ఆయన చేతిలో పెట్టాను.

ఆయన అటూ ఇటూ తిప్పి, పళ్ళ మధ్య పెట్టి కొరికి చూశాడు. "గట్టిగా ఉందే!"

"మేకది గట్టిగానే ఉంటుంది. నాది మెత్తబడింది."

ఆయన దాన్ని కంచం అంచున పెట్టేసి మరి అన్నం కలపలేదు. వ్యాగను కింద బరువంతా పడే ఇరుసు పగిలితే ఏమవుతుందో యార్డు మనిషికి ఒకరు చెప్పాలా?

ఎండలు

ఎండలు ముదిరాక ప్లాస్టరు కోశారు. లోపలి నుంచి బయటపడ్డ కాలు చూసి నాకే వెగటు పుట్టింది. సన్నగా, పొట్టు రాలుతూ, పిక్క లేకుండా ఉంది. డాక్టరు బాబు కొత్త ఫిల్ము చూసి బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. జబ్బు ఎముకని తినెయ్యడం ఆగిందట, గట్టిపడటం ఇంకా మొదలుకాలేదట. ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలన్నాడు. నొప్పి తగ్గింది కనుక మోపాలనిపిస్తుంది, మోపితే ఇన్నాళ్ళ కష్టం గంగలో పోసినట్టే. చర్మం మానాలని కొన్నాళ్ళు గుడ్డపట్టీ మాత్రం కట్టి పంపించాడు.

ఆ వారంలోనే, మధ్యాహ్నం వేళ, యార్డువాళ్ళు మా ఆయన్ని మోసుకొచ్చారు. వ్యాగన్ల మధ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడట. కదిలిస్తే కేక పెడుతున్నాడు. కొద్దిరోజుల్లోనే ఆయనకి రైల్వేవాళ్ళ మెడికల్ పరీక్ష ఉంది. అందులో నడుం పనికిరాదని తేలితే షంటింగ్ నుంచి తీసేస్తారు. ఈ క్వార్టరు ఉంటుందో పోతుందో తెలియదు. అత్త వాళ్ళచేత ఆయన్ని గడపకి అడ్డంగా బోర్లా పడుకోబెట్టించి, అందరినీ పంపేసి, నా వైపు తిరిగింది.

"లెగు."

నేను మంచం మీంచి కదల్లేదు.

"లెగమంటన్నాను. ఒక్కసారి తొక్కు. మూడుసార్లొద్దు, ఒకటే. దేవుడు నీకు ఆ కాలిచ్చింది ఎందుకేటి?"

"అత్తా, డాక్టరు మోపొద్దన్నాడు."

"నేల మీద మోపొద్దన్నాడు. ఇది నేలేటి? నా కొడుకు."

కర్రలు చంకలో పెట్టి నన్ను ఆమే లేపింది. గడప దాకా వెళ్ళాను. మా ఆయన మొహం గచ్చుకి ఆన్చి ఉంది. మెడ మీద చెమట కనబడుతోంది. ఆయన రమ్మనలేదు. వద్దనా లేదు. అంతవరకూ నేను అత్త మీద కోపంగా ఉన్నాను. ఆ క్షణంలో కోపమంతా ఆయన మీదికి పోయింది. ఒక్క మాట అనొచ్చు కదా, మనిషి?

కాలు ఎత్తాను కూడా. అబద్ధం ఎందుకు? నా కాలితో తగ్గుతుందని నాకింకా ఎక్కడో నమ్మకం ఉంది. ఆయన లేచి నిలబడితే చాలు అనీ ఉంది. పాదం ఆయన నడుముకి బెత్తెడు పైన ఆగింది. పిక్క మీద డాక్టరు చెయ్యి చూపించిన గీత దగ్గర చల్లగా అనిపించింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

"తొక్కను."

"ఏటన్నావు?"

"తొక్కనత్తా. ఆయన నడుం పడుకుంటే సర్దుకుంటాది. ఈ కాలు పోతే మరి రాదు."

"ఊరందరికీ తొక్కినావు. దారిన పోయినోలకి తొక్కినావు. మొగుడు పడిపోయుంటే కాలు దాసుకుంటన్నావా!"

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు మా ఆయన గచ్చు మీంచి, తల ఎత్తకుండానే అన్నాడు. "అమ్మా, నన్ను గడప మీంచి తీసి చాప మీదికి జరుపు."

ఆయన కొన్నాళ్ళు కదలకుండా పడుకుని, వేడినీళ్ళ కాపడాలతో లేచాడు. అయ్యగారు ఎవరినో పట్టుకుని మెడికల్ వాయిదా వేయించారు. ఆయన పాసయ్యాడు. నేను లేకుండానే ఆ నడుం బాగుపడింది. సంతోషించాల్సిన దాన్నే. సంతోషించాను, కొంచెం చిన్నబోయాను కూడా. అత్త మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. నాకు చెప్పాల్సినవి గిన్నెలతో చెప్పేది.

మళ్ళీ వానలు

అలా మాటల్లేకుండానే అత్త నన్ను మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. తడిసిన గొడుగుల వాసనతో నిండిన హాల్లో మాలతి దిదీ ఎదురుగా బల్ల మీద కనిపించింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వింది. అప్పుడు చూశాను. చీర కుచ్చిళ్ళు ఎడమవైపు మోకాలి కింద ఖాళీగా వేలాడుతున్నాయి.

ఏమైందని అడక్కుండానే ఆవిడే చెప్పింది. నొప్పి తగ్గిందనిపించిందట. బస్తీలో కొళాయి దూరం, ఇంట్లో ఇంకొక ఆడమనిషి లేదు. కాలు మోపి బిందెలు మోసింది. ఎముక చితికింది, చీము పట్టింది.

"జల్ కే ఆన్బే, బోన్?" అంది. నీళ్ళెవరు తెస్తారు చెల్లీ, అని.

అత్తకి బెంగాలీ పెద్దగా రాదు. జల్ అనే మాట మాత్రం బాగా వచ్చు, ఆమె రోజూ కొళాయి దగ్గర పోట్లాడేది ఆ మాటతోనే. ఆమె మాలతి కుచ్చిళ్ళ కేసి చూసింది, నా పట్టీ కేసి చూసింది. మా ఇద్దరికీ అని తెచ్చిన రొట్టెల మూట విప్పకుండానే మాలతి ఒళ్ళో పెట్టి, ఆమె పక్కన కూర్చుంది. ఆ పూట డాక్టరు పిలిచేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

ఎముక అంచున తెల్లటి గీత కడుతోందని డాక్టరు బాబు అన్నాడు. మంచి గుర్తే, కాని కాలు దించడానికి ఇంకా నెలలు పడుతుంది. నేను ఆ మాటలు సగమే విన్నాను. కళ్ళ ముందు ఆ ఖాళీ కుచ్చిళ్ళే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మా గుమ్మంలో పైడమ్మ కూర్చుని ఉంది. ఆవిడ మా వెనక లైన్లో గ్యాంగుమన్ పెళ్ళాం. నడుం మీద చెయ్యి పెట్టుకుని మూలుగుతోంది.

"నీ టాలసు తగ్గిపోనాదంట కదమ్మా, పట్టీయే ఉందంట. మెల్లగా ఒక్కసారి తొక్కు తల్లీ, నీ కాలి బరువు సాలు," అంది.

నేను నోరు తెరిచేలోపు అత్త గొడుగు మూసి మా ఇద్దరి మధ్యకి వచ్చింది.

"టాలసంటే జబ్బు కాదు పైడమ్మా. అది ఎముక. నీకూ ఉంది, నాకూ ఉంది. నా కోడలికొచ్చింది టీబీ. ఎముకకి టీబీ. ఆ కాలు ఇంకెవరి నడుం మీదా ఎయ్యదు. నీకే కాదు, నా కొడుక్కీ ఎయ్యలేదు."

చుట్టుపక్కల గుమ్మాల్లోకి అంతా వినబడేంత గట్టిగా అంది. పైడమ్మ నడుం నొప్పి మర్చిపోయి లేచి, రెండడుగులు వెనక్కి వేసి వెళ్ళిపోయింది.

"ఎందుకన్నావత్తా? రేపు కొళాయి దగ్గర..."

"రేపు కొళాయి దగ్గర నేను కదా నిలబడతాను, నువ్వు కాదు కదా. నీకేటి?"

అంది గాని, లోపలికి వచ్చి బిందెల మూతలు తీసి, రేపటికి ఎన్ని నీళ్ళున్నాయో చూసుకుంది. ఆ సాయంత్రం నాతో మామూలుగా మాట్లాడింది. కంచాలన్నీ కలిపే తోమింది.

ఆమె అనుకున్నదంతా జరిగింది. కొళాయి దగ్గర ఆమె బిందె చుట్టూ ఖాళీ వదిలారు. ఆదివారం గిన్నె మా దగ్గరికి ఆఖర్న వచ్చింది. అత్త దాన్ని రెండు చేతులతో తీసుకుని తాగి నాకిచ్చింది. అయ్యగారు ఆమె మొహంలోకి చూడలేకపోయారు. ఆ తర్వాత వారాల్లో ఆయనే ముందు మా వైపు నుంచి గిన్నె మొదలుపెట్టారని కూడా చెప్పాలి.

కొన్నాళ్ళకి పైడమ్మ మళ్ళీ వచ్చింది. గుమ్మం దాటకుండా నిలబడింది. వెంట చెల్లెలి కూతురు, పెళ్ళీడు పిల్ల. మెడ పక్కన కొంగు కప్పుకుని ఉంది. పైడమ్మ ఆ కొంగు తీసి గడ్డలు చూపించింది. ఎన్నాళ్ళుగానో పసుపు రాస్తున్నారట.

"ఇదీ అదేనేటమ్మా?" అని మెల్లగా అడిగింది.

"నాకేం తెలుసు? డాక్టరుకి తెలుస్తుంది," అన్నాను.

"మరైతే హౌరాలో ఏ బస్సెక్కాలి?"

చెప్పాను. ఇది చదివేవాళ్ళకీ అదే చెబుతున్నాను. వాపుకి మీరు ఏ పేరైనా పెట్టుకోండి, లోకానికి ఏమైనా చెప్పుకోండి. బస్సు మాత్రం ఎక్కండి.

క్రిస్మస్‌కి ముందు

డాక్టరు బాబు చివరి ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. అత్త నా వెనక నిలబడి నా జాకెట్టు చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన ఫిల్ము దించి కళ్ళద్దాలు తీశాడు. టాలస్ పైనున్న ఎముకతో అతుక్కుపోయిందట. చీలమండ దగ్గర ఇక వంగదు, జీవితాంతం కాస్త కుంటుతాను. కాని బరువు మోస్తుంది. కాలు తీసెయ్యక్కర్లేదు.

"నామావ్, బౌమా," అన్నాడు. దించు.

నేను స్టూలు అంచున కూర్చుని ఉన్నాను. కాలు గాల్లో ఉంది. కింద ఫినాయిలు పెట్టి కడిగిన సిమెంటు గచ్చు. దించలేకపోయాను. ఇన్నాళ్ళూ మోపకు మోపకు అని చెప్పుకుని చెప్పుకుని ఒళ్ళంతా అదే మాట పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు మోపమంటే వినదు. మాలతి దిదీ కుచ్చిళ్ళు గుర్తొచ్చాయి. డాక్టరు బాబు తొందరపెట్టలేదు. గుమ్మం దగ్గర నర్సు ఇంకొకరి పేరు పిలవబోయి ఆగింది.

అత్త వంగింది. మోకాళ్ళు కలుక్కుమంటే నోట్లో ఏదో తిట్టుకుంటూ గచ్చు మీద చతికిలబడి, తన అరచెయ్యి వెల్లకిలా నా పాదం కింద పరిచింది.

"నేల సల్లగా ఉంది. ముందు దీని మీద పెట్టు."

"పెద్దదానివి, నీ మీద కాలు పెట్టమంటావేటత్తా?"

"ఎంతమంది మీద పెట్టినావు. నా మీద పెట్టడానికే నీకు మొహమాటమొచ్చిందా?"

పెట్టాను. ఆమె అరచేతిలో బిందె మోసిన కాయలు నా పాదానికి గరుకుగా తగిలాయి. వేళ్ళు ముందు ఆనాయి, తర్వాత మడమ. కాస్త బరువు వేశాను. నొప్పి వస్తుందని పళ్ళు బిగించుకుని చూశాను, రాలేదు. అత్త చెయ్యి తీసుకోలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఇంకా వెయ్యి," అంది.

ఇంకాస్త వేశాను.